చల్లబడని సీసా

సోమవారం పొద్దున ఏడింటికి బస్సు దిగి డ్యాం గట్టెక్కిన షైనీకి ముందు వాసన తగిలింది. అడుగు బురద వాసన. ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని నాలుగడుగులు వేశాక జనం కనబడ్డారు, వాళ్ల వెనక నీళ్లు కనబడ్డాయి. పెంచలప్రసాద్ చేపలు పెంచే వల పంజరాల చుట్టూ నీటిమీద తెల్లటి పొట్టలు తేలుతున్నాయి. ఒకటా రెండా! ఇటునుంచి అటు చూపు పోయినంత మేరా అవే. ఎనిమిది నెలలు మేత వేసి పెంచిన చేపలు, ఒక్కటంటే ఒక్కటి కూడా తోక ఆడించడం లేదు.

గట్టుమీద కంకరలో పడవ నడిపే శీనయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. మోకాళ్ల చుట్టూ చేతులు కట్టుకుని, తల వంచుకుని. అతని చుట్టూ పదిమంది నిలబడి ఉన్నారు. పెంచలప్రసాద్ చేతిలో, జేబురుమాలు చుట్టి పట్టుకున్న గోధుమరంగు సీసా ఉంది. మెడకు పచ్చ నైలాను తాడు, మూతికి మొక్కజొన్న బెండు బిరడా. ఆ సీసాను షైనీ రెండేళ్లుగా రోజూ చూస్తోంది.

"రామ్మా రా," అన్నాడు పెంచలప్రసాద్. "మీ పడవోడు చేసిన పని చూడు. మందు కలిపినాడు."

"మందేంది సార్?"

"మందంటే మందే. ఈ సీసాలో పోసుకోని, తాడు కట్టి, నీళ్లలోకి దించినాడు. నిన్న సాయంత్రమే మాలకొండయ్య నాకు ఫోన్లో చెప్పినాడు, శీనయ్య మందు సీసా దించతా ఉండాడన్నా అని. నేనే పట్టించుకోలా. నా ఖర్మ!"

పంజరాల కాపలా మాలకొండయ్య అతని వెనకే ఉన్నాడు. షైనీ వైపు చూడలేదు. కాలి బొటనవేలితో కంకర కెలుకుతున్నాడు.

షైనీ పని ఆ డ్యాం నీళ్లలోనే. పైనీళ్లు ఎండకు వెచ్చగా, అడుగునీళ్లు చల్లగా, ఒకదానిమీద ఒకటి నెలల తరబడి కలవకుండా ఉంటాయి. అవి ఎప్పుడు, ఎట్లా కలుస్తాయో చూడటానికి ఒక ప్రాజెక్టు వేశారు. పడవ అడుగున కట్టిన యంత్రం నీళ్లలోకి శబ్దాన్ని పంపుతుంది. రెండు నీళ్లు ఆనుకునే చోట తగిలి ఆ శబ్దం వెనక్కి వస్తుంది. ఆ వచ్చినదాన్ని తెరమీద గీతగా గీస్తుంది. సముద్రాల్లో పెద్ద ఓడలమీద చేసే పనిని ఇక్కడ శీనయ్య పడవలో చేస్తోంది షైనీ. శీనయ్య ఉండే యానాది కాలనీలో దానికి కూత మిషన్ అని పేరు పెట్టారు. నీళ్లలోకి కూతేసి బదులు వినే మిషన్.

ఇక సీసా సంగతి. బీరు సీసాను బూడిదతో తోమి, ఇంటి దగ్గర బోరు నీళ్లు నింపుకుని, పడవ పక్కనుంచి ఐదు బారల లోతుకు దించేవాడు శీనయ్య. కాసేపటికి పైకి లాగితే పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉండేవి ఆ నీళ్లు. ముందు షైనీకి ఇచ్చేవాడు, తర్వాత తను తాగేవాడు. పంజరాల పక్కగా పోయేటప్పుడు మాలకొండయ్య కూడా చెయ్యి చాపేవాడు. ఇందులో మందేమిటి, మాకేమిటి!

ఈ మాటే చెప్పాలి. చెబితే అయిపోయేది. కానీ షైనీ నోట్లోంచి దానికంటే ముందు వేరే మాట వచ్చింది.

"నిన్న నేను కూడా పడవలోనే ఉండాను సార్. ఆయన దించింది తాగే నీళ్లు."

పెంచలప్రసాద్ ఆమె వైపు చూశాడు. తర్వాత జనం వైపు చూశాడు. మెల్లగా నవ్వాడు.

"విన్నారు గదా? ఇప్పుడే ఈయన ఒక్కడినే పోయినానన్నాడు. ఈమె నేనూ ఉండానంటా ఉండాది. మాట కూడబలుక్కోవడం మర్చిపోయినట్టుండారు."

శీనయ్య తల ఎత్తాడు. ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి, కంకరమీద చెయ్యి ఆనించి లేచాడు.

"అవును సామీ, పాప ఉండింది. నేనే మరిచిపోయినా," అన్నాడు.

దాంతో వ్యవహారం పూర్తిగా మునిగింది. అరవై ఏళ్ల మనిషి, నిన్న పడవలో తన పక్కన ఎవరున్నారో మరిచిపోయాడట! ఎవరు నమ్ముతారు? బుధవారం ఫిషరీస్ ఆఫీసరు వస్తుందనీ, ఆమె విషమని రాస్తే కాగితం నేరుగా స్టేషన్‌కు పోతుందనీ పెంచలప్రసాద్ అందరికీ వినబడేలా చెప్పాడు. అందాకా పడవ కదలకూడదన్నాడు. సీసాను గుడ్డలో చుట్టి కారులో పెట్టుకున్నాడు.

షైనీ యంత్రాన్ని మాత్రం విప్పి, సంచీలో పెట్టుకుని, ఆత్మకూరుకు తిరిగి బస్సెక్కింది. దారి పొడవునా తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

*

ఆదివారం షైనీ పడవలో లేదు. ఉదయగిరిలో ఉంది. చర్చిలో కోత పండుగ, కింది శ్రుతిలో ఆమె ఆల్టో గొంతు లేకపోతే పాట నిలబడదు. అదే రోజు వాయుగుండం గాలి మొదలవుతుందని వాతావరణం వాళ్లు చెప్పారు. గాలి వచ్చిన రోజు యంత్రం ఆగకూడదు, దాన్ని నడిపే ఆపరేటరు పడవ దిగకూడదు. ప్రాజెక్టులో అదొక్కటే గట్టి రూలు. శనివారం సాయంత్రం షైనీ ఆదివారం డ్యూటీ షీటు మీద ఎనిమిది నుంచి ఐదు దాకా అని రాసి, ఆపరేటర్ అన్నచోట ముందే సంతకం పెట్టేసింది. ఆకుపచ్చ బటన్ ఎప్పుడు నొక్కాలో శీనయ్యకు చూపించింది. "నాకు తెలవదా పాపా, రెండేళ్లనుంచి చూస్తానే ఉండా గదా," అన్నాడతను. అంతే, ఒక్క రోజు. ఎవరికి నష్టం అనుకుంది.

అద్దె గదిలో తలుపు వేసుకుని ల్యాప్‌టాప్ తెరిచింది. ఆదివారం రికార్డు మొత్తం ఉంది. శీనయ్య ఒక్క నిమిషం కూడా పోనివ్వలేదు.

పొద్దున ఎనిమిదికి గీత ఎప్పటిలాగే ముప్పై అడుగుల దగ్గర సన్నగా, తిన్నగా ఉంది. తొమ్మిదిన్నరకు వణికింది. పదకొండుకు అలలా లేచింది. పన్నెండు దాటాక ఆ అలల తలలు వంగి, చుట్టుకుని, ఒకదాని వెంట ఒకటి సుడులుగా తిరిగాయి. షైనీ కుర్చీ ముందుకు లాక్కుంది. పుస్తకాల్లో తప్ప ఎప్పుడూ చూడలేదు వాటిని. ఒంటిగంటన్నరకు ఇక గీత లేదు. పైనుంచి అడుగుదాకా తెరంతా కలగాపులగం, కవ్వం పెట్టి చిలికిన మజ్జిగలాగా. అడుగున నెలల తరబడి ఊపిరాడకుండా మగ్గిన నీళ్లు పైకి వచ్చేశాయి. చేపలకు అందాల్సిన గాలి అందలేదు. గట్టుమీద బురద వాసన అందుకే! చంపింది మందూ కాదు, మనిషీ కాదు.

ఆ సుడుల మధ్యలోంచి నిలువుగా కొన్ని సన్నటి గీతలు ఉన్నాయి. తాడు కట్టిన వస్తువు దిగడం, ఆగడం, పైకి పోవడం. షైనీ లెక్కపెట్టింది. పదకొండు. మొదటి నాలుగు ఐదు బారల దగ్గర ఆగాయి. తర్వాతవి ఏడు బారలు, తొమ్మిది, చివరిది పన్నెండు. పాపం, సీసా చల్లబడక ఇంకా లోతుకు, ఇంకా లోతుకు దించుకుంటూ పోయాడు. నవ్వొచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లూ వచ్చాయి.

అప్పుడే ఇంకొకటి కనబడింది. రెండూ పదికి పడవ కదిలింది. యంత్రానికి పడవ ఎక్కడుందో కూడా తెలుసు, అదీ రాసుకుంటుంది. పడవ తిన్నగా పంజరాల దగ్గరికి పోయింది. అక్కడ ఆరు నిమిషాలు ఆగింది. మళ్లీ వెనక్కి వచ్చింది.

పంజరాల దగ్గరికి పోయినట్టు శీనయ్య ఎందుకు చెప్పలేదు? పోయిన నెలలో వలలు కోశారని పెంచలప్రసాద్ కాలనీ మీదికి వచ్చి అరిచిపోయాడు. శీనయ్య ఆ రోజు ఒక్క మాట కూడా తిరిగి అనలేదు. మౌనంగా ఉన్నవాడి మనసులో ఏముందో ఎవరికి తెలుసు? ఆ ఆలోచన వచ్చినందుకు షైనీకి సిగ్గేసింది. అయినా అది పోలేదు.

ఫోన్ మోగింది. తిరుపతి నుంచి ప్రాజెక్టు పెద్ద మోహన్‌కృష్ణ. గదికి రాగానే ఆమె పంపిన ఫైలు చూశాడట.

"షైనీ! రెండేళ్లుగా దీనికోసమే కదా కూర్చున్నాం. ఆ సుడులు చూశావా? ఎంత శుభ్రంగా వచ్చాయి! నువ్వు కళ్లారా చూసినవి వెంటనే రాసి పంపు. గాలి ఎప్పుడు మళ్లింది, నీళ్ల రంగు ఎప్పుడు మారింది, అన్నీ."

"సార్, ఇక్కడ చేపలు చచ్చిపోయినాయి. శీనయ్య మీద పెడతా ఉండారు. ఈ రికార్డు చూపిస్తే..."

"మనకెందుకమ్మా ఆ గొడవ? మన పేపరు రాకముందే బయట చూపించకూడదు."

షైనీ అడిగి చూసింది. "సార్, ఒకవేళ ఆపరేటర్ పడవలో లేకపోతే ఆ రికార్డు..."



"పనికిరాదు. మనమే రాసుకున్నాం కదా ఆ రూలు. కానీ నువ్వు ఉన్నావు. షీటులో సంతకం ఉంది." ఒక్కొక్క మాటా ఆచితూచి అన్నాడు. "జనవరిలో నీ కాంట్రాక్టు రెన్యూవల్‌కు నేనే రాయాలి. ఉన్నావు, అంతే కదా?"

"ఉండాను సార్," అంది షైనీ. ఒకే రోజు రెండోసారి.

*

మంగళవారం పొద్దున్నే కాలనీకి పోయింది. శీనయ్య ఇంటిముందు కూర్చుని చిరిగిన వల కడుతున్నాడు. నోట్లో దారం, కాలి వేళ్ల మధ్య వల అంచు. పడవ లేని మనిషి చేతులు ఊరికే ఉండలేవు కదా.

"రా పాపా, కూచో," అని పీట జరిపాడు.

షైనీ కూర్చోలేదు. "తాతా, ఆదివారం పంజరాల కాడికి ఎందుకు పోయినావు?"

దారం నోట్లోంచి తీశాడు. "కూత మిషన్ అది కూడా చెప్పేసిందా?" అని నవ్వాడు. షైనీ నవ్వకపోవడం చూసి వల పక్కన పెట్టాడు. "చెప్పడానికి పోయినా."

"ఏం చెప్పడానికి?"

"సీసా చల్లబడలా పాపా. ఐదు బారలు దించినా, ఏడు దించినా, పన్నెండు దించినా అట్టనే వచ్చె. కింద చల్లటి నీళ్లు లేకపోతే ఏమైనట్టు? పైకొచ్చినట్టు. నా చిన్నప్పుడు మా నాయన ఇట్టాంటి గాలికే నీళ్లు తిరగబడతాయని చెప్పేవోడు. తిరగబడితే చేప బతకదు. అందుకే మాలకొండయ్య కాడికి పోయి, ఒరేయ్, నీళ్లలోకి గాలి కొట్టే మోటార్లు వెయ్యిరా, నీళ్లు తిరగబడతా ఉండాయి అని చెప్పినా. నమ్మకపోతే ఇదిగో తాగి చూడు, చల్లగా ఉండాయేమో అని సీసా కూడా ఇచ్చినా."

"తాగినాడా?"

"తాగినాడు. చల్లగా లేవు మామా అన్నాడు. పెంచలప్రసాదుకు ఫోన్ చేస్తానన్నాడు. నేను వచ్చేసినా."

షైనీ పీట లాక్కుని కూర్చుంది. "మరి నిన్న అందరి ముందర ఇదంతా ఎందుకు చెప్పలా?"

"చెప్తే ఏమైతాది? ముందే తెలిసి మోటార్లు వెయ్యలేదని మాలకొండయ్యను తీసేస్తారు. ముగ్గురు బిడ్డలు వాడికి. నాకంటే పడవ లేకపోతే వల ఉండాది."

"నిన్ను స్టేషన్‌కు పిలిస్తేనో?"

"యానాదోణ్ణి స్టేషన్‌కు పిలవడం కొత్తా పాపా?" అన్నాడు శీనయ్య. కోపంగా అనలేదు. వాన వస్తుందేమో అన్నట్టు అన్నాడు. "మా నాయన్నీ పిలిచినారు, మా అన్ననీ పిలిచినారు. ఏ చెట్టు కింద కూచోబెడతారో కూడా నాకు తెలుసు."

షైనీకి ఒళ్లు మండింది. ఎవరిమీద మండిందో చెప్పడం కష్టం కానీ, అందులో సగం తనమీదే.

"పోనీ, నేను పడవలో ఉండానని మాట ఎందుకు మార్చినావు? దానివల్లనే కదా నిన్ను ఎవురూ నమ్మంది!"

శీనయ్య ఆశ్చర్యంగా చూశాడు. "నువ్వు చెప్పినావు గదా. అందరి ముందర నీ మాట అబద్ధం చెయ్యమంటావా?"

*

మధ్యాహ్నానికి ఉదయగిరి చేరింది. రావడానికి కారణం ఒక ఫొటో. కోత పండుగ ఫొటోలు చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందులో పాట బృందం ముందు వరసలో, నీలం చీరలో, నోరు తెరిచి పాడుతూ షైనీ ఉంది. కింద తారీఖు, టైము. రెండూ పద్నాలుగు. పెంచలప్రసాద్ మనుషులు ఉదయగిరిలోనూ ఉన్నారు. ఆ గ్రూపుకు అడ్మిన్ ఆమె తల్లి సుకుమారి.

తల్లి అరుగుమీద చింతపండు పిక్కలు తీస్తోంది. షైనీ చెప్పినదంతా విన్నది, చేతులు ఆపకుండా. చివరికి చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని, ఫోన్ తీసి, ఆ ఫొటో తెరిచి కూతురి చేతిలో పెట్టింది.

"నువ్వే తీసెయ్యి. నాకు కళ్లద్దాలు లేవు."

షైనీ ఫొటో మీద వేలు పెట్టింది. తీసెయ్యమంటావా అని ఫోన్ అడిగింది. ఫొటోలో ఆమె పక్కన పదిహేడు మంది ఉన్నారు. ఆ టైముకు అక్కడ శీనయ్య పంజరాల పక్కన పడవ ఆపి, ఒరేయ్ మోటార్లు వెయ్యిరా అంటున్నాడు. తను ఇక్కడ కొత్త పంట కోసం దేవుడికి కృతజ్ఞతలు పాడుతోంది.

"ఆల్టో బాగా పలికింది ఆ రోజు," అంది సుకుమారి, పిక్కల వైపు చూస్తూనే. "చర్చికొచ్చిన సుకన్య కూడా ఫోన్ చేసి చెప్పింది. ఫొటో తీసేసినా, విన్న చెవులు ఉంటాయి గదా."

"ఉద్యోగం పోతాదమ్మా."

"పోతాది," అంది తల్లి. "నాకూ బాధగానే ఉంటాది. నువ్వు నెత్తిన పెట్టుకుని చేసిన పని. కానీ ఆ ముసలాయన నీకోసం మాట మార్చినాడంటివే, అది విన్నప్పటినుంచీ నాకు చింతపండు కూడా కనబడటంలా."

షైనీ వేలు తీసేసింది. ఫోన్ తల్లికి ఇచ్చి, చేట ముందుకు లాక్కుని పిక్కలు తీయడం మొదలుపెట్టింది. సాయంత్రం ఆత్మకూరు బస్సెక్కింది. బస్టాండు పక్కన రంగు ప్రింట్లు తీసే కొట్లో ఆదివారం రికార్డును ఆరు కాగితాలమీద తీయించుకుంది.

*

బుధవారం పదిన్నరకు డ్యాం గెస్ట్‌హౌస్ వరండాలో టేబులు వేశారు. ఫిషరీస్ ఆఫీసరు చైత్ర చిన్న వయసుదే. మొహంలో నవ్వు లేదు, తొందరా లేదు. కాగితం, పెన్ను పెట్టుకుని కూర్చుంది. పక్క కుర్చీలో పెంచలప్రసాద్. టేబులు మధ్యలో గుడ్డ విప్పిన సీసా. శీనయ్యకు కుర్చీ చూపించింది చైత్ర, అతను మెట్టుమీదే కూర్చున్నాడు. మాలకొండయ్య స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. కింద ఎండలో కాలనీవాళ్లు ముప్పై మంది దాకా ఉన్నారు.

"మందు ఏదో తేల్చాలంటే సీసాను ల్యాబ్‌కు పంపాలి," అంది చైత్ర. "దానికి ముందు ఎవరేం చూశారో చెప్పండి."

షైనీ లేచింది. ఆరు కాగితాలూ టేబులుమీద వరసగా పరిచింది. నీళ్లు ఎట్లా రెండు పొరలుగా ఉంటాయో, గాలికి ఎట్లా కలిశాయో, శబ్దం దాన్ని ఎట్లా పట్టిందో చెప్పింది.

"ఏంది మేడం ఈ ముగ్గులు!" అన్నాడు పెంచలప్రసాద్. "రంగు కాగితాలు చూపించి చేపల్ని బతికిస్తారా?"

చైత్ర మాత్రం కాగితాలమీదకు వంగింది. నిలువు గీతల దగ్గర వేలు పెట్టింది. "ఇవేంటి?"

"ఆ సీసాయే మేడం. పదకొండుసార్లు దించినాడు. తాగే నీళ్లు చల్లబడటానికి."

"మీరు పక్కన ఉండి చూశారు కదా?"

అదిగో, వచ్చింది. షైనీ సంచీలోంచి ఆదివారం షీటు తీసింది. సంతకం ఉన్నవైపు పైకి పెట్టి టేబులుమీద ఉంచింది.

"లేదు మేడం. ఆదివారం నేను పడవలో లేను. ఉదయగిరిలో చర్చిలో పాట పాడినాను. ఈ సంతకం శనివారం పెట్టింది. మొన్న గట్టుమీద నేను చెప్పింది అబద్ధం. శీనయ్య తాత ముందు చెప్పిందే నిజం, ఒక్కడే పోయినాడు. మిషన్ నడిపింది కూడా ఆయనే."

వరండా కింద జనంలో గుసగుస పుట్టింది. శీనయ్య మెట్టుమీదనుంచి "ఎందుకు పాపా" అన్నాడు, అతి మెల్లగా.

"అయితే ఒక్కడే ఉండాడు గదా! నేను చెప్పిందీ అదే!" పెంచలప్రసాద్ కుర్చీ ముందుకు జరిగాడు.

"ఇంకా ఉండాది," అంది షైనీ. దాచాలంటే దాచొచ్చు. ఐదో కాగితం ఒక్కటి తీసేస్తే ఎవరికీ తెలియదు. కానీ ఇక నిజాన్ని కత్తిరించడం తన చేతకాదు. "రెండూ పదికి పడవ పంజరాల కాడికి పోయింది. ఆరు నిమిషాలు ఆగింది."

పెంచలప్రసాద్ టేబులు మీద చరిచాడు. సీసా అదిరి తాడు కిందికి జారింది. "ఇంకేం కావాల మేడం? వాళ్ల మిషనే చెప్తా ఉండాది! రాయండి!"

"ఎందుకు పోయావు?" అని శీనయ్యను అడిగింది చైత్ర.

శీనయ్య మాలకొండయ్య వైపు చూడకుండా, నేల వైపు చూశాడు. "ఊరికే పోయినా మేడం."

షైనీ నోరు తెరిచింది. శీనయ్య కళ్లెత్తి ఆమెను చూసి తల అడ్డంగా ఊపాడు. ఆమె పళ్లు బిగబట్టి ఆగిపోయింది. ఈ మనిషిని ఏం చెయ్యాలి దేవుడా!

చైత్ర మాలకొండయ్యను ముందుకు పిలిచింది. "నువ్వు చూసింది నువ్వే చెప్పు. మీ సార్ వైపు కాదు, నా వైపు చూసి చెప్పు."

మాలకొండయ్య టేబులు దగ్గరికి వచ్చాడు. రెండు రోజులుగా నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. "శీనయ్య మామ వచ్చినాడు మేడం. పడవ ఆపినాడు. సీసా..." గొంతు పట్టుకుంది. దగ్గాడు. "సీసా దించినాడు. ఆ సీసా... మందు..." మళ్లీ దగ్గు. మాట రాలేదు.

అతని చెయ్యి ముందుకు వచ్చింది. సీసా మెడ పట్టుకుంది. బొటనవేలితో బెండు బిరడా ఊడబెరికి, తల వెనక్కి వంచి, పెదవులకు తగలకుండా ఎత్తి పోసుకున్నాడు. గుటకలు వరండాలో అందరికీ వినబడ్డాయి. మోచేత్తో మూతి తుడుచుకుని, మెట్టుమీద కూర్చున్న శీనయ్య వైపు సీసా చాపాడు, రోజూ చాపినట్టే.

"చల్లగా లేవు మామా," అన్నాడు.

శీనయ్య కూడా చెయ్యి చాపి అందుకున్నాడు. అప్పటిగ్గానీ తను ఏం చేశాడో మాలకొండయ్యకు తెలియలేదు. తెలిశాక ఖాళీ చెయ్యి అట్లాగే గాలిలో ఉండిపోయింది.

చైత్ర పెన్ను కింద పెట్టింది. "మందు తాగేశావా?"

"మందు కాదు మేడం!" మాలకొండయ్యకు ఏడుపొచ్చింది. "మందు సీసా అన్నాను. బీరు సీసా గదా అది, అందుకని మందు సీసా అన్నా. నీళ్లు పోసుకునే మందు సీసా. పొద్దున చేపలు చచ్చేసరికి అన్న దాన్ని మందు చేసినాడు. అన్న అంత కోపంలో ఉంటే, అది కాదన్నా అని మధ్యలో ఎట్ట చెప్పేది?"

"ఫోన్లో ఇంకేం చెప్పావు?"

మాలకొండయ్య పెంచలప్రసాద్ వైపు చూశాడు. ఈసారి చూపు తిప్పుకోలేదు. "నీళ్లు తిరగబడతా ఉండాయంట, మామ వచ్చి చెప్పినాడు, గాలి మోటార్లు వెయ్యమంటా ఉండాడన్నా అని చెప్పినాను. యానాదోడి మాటకు డీజిల్ దండగ చేస్తావా అన్నాడు. వెయ్యలేదు మేడం."

పెంచలప్రసాద్ కుర్చీలోంచి లేచి, ఫోన్ చెవికి పెట్టుకుని, మోగని ఫోన్‌తో మాట్లాడుతూ కారు వైపు పోయాడు. చైత్ర పెన్ను తీసుకుని రాయడం మొదలుపెట్టింది. ఆమె ఏం రాస్తోందో షైనీకి తలకిందులుగా కూడా చదవడానికి వచ్చింది. గాలి, నీటి పొరలు, ప్రాణవాయువు లేమి. విషం అన్న మాట ఎక్కడా లేదు.

*

మోహన్‌కృష్ణకు షైనీయే ఫోన్ చేసి చెప్పింది. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. రెండేళ్ల పని అని ఒక్కసారి అన్నాడు. శనివారంలోపు యంత్రం తెచ్చి అప్పగించమన్నాడు.

గురువారం పొద్దున శీనయ్య పడవ మళ్లీ నీళ్లలోకి దిగింది. యంత్రం తాలూకు ఇనప బిగింపులు ఇంకా పడవకే ఉన్నాయి, అవి విప్పాలి. షైనీ విప్పలేదు. ముందు ఒక పని ఉందని అంచుమీద కూర్చుని, ఆదివారం షీటు కాపీ మోకాలిమీద పెట్టుకుంది. కాలికింద నీళ్లు మామూలుగానే ఉన్నాయి. చచ్చిన చేపల్ని ఏరేశారు, వాసన మాత్రం ఇంకా ఉంది. ఉద్యోగం పోయిందన్న బాధ ఉంది, అయినా మూడు రోజుల తర్వాత మొదటిసారి కడుపునిండా అన్నం తిని వచ్చింది.

శీనయ్య అలవాటుగా సీసా దించాడు. కాసేపటికి పైకి లాగి, చేత్తో పట్టుకుని చూసి, పెదవి విరిచాడు.

"ఎండాకాలం దాకా చల్లబడవు పాపా. అప్పటికి మళ్లీ పైనీళ్లు పైన, కిందినీళ్లు కింద సర్దుకుంటాయి. వస్తావు గదా అప్పుడు?"

"వస్తాలే తాతా. ఉద్యోగం లేకపోయినా నీళ్లు తాగడానికి వస్తా."

ఆపరేటర్ అన్నచోట తన సంతకం మీద అడ్డంగా గీత కొట్టింది. పక్కనే ఇంకో పేరు రాసింది. సార్‌కు పనికొచ్చినా రాకపోయినా, నీళ్లు తిరగబడిన రోజు యంత్రం దగ్గర ఉన్న మనిషి పేరు అక్కడ ఉండాలి.

శీనయ్య తెడ్డు ఆపి వంగి చూశాడు. చదవడం రాదు కానీ, కొత్తగా రాసింది ఏదో తెలిసింది.

"ఏంది రాసినావు?"

"ఆదివారం కూత మిషన్ నడిపింది శీనయ్య అని."

తడి చేతిని పంచెకు తుడుచుకుని, అక్షరాలమీద వేలు పెట్టబోయి, చెరిగిపోతాయేమోనని వెనక్కి తీసుకున్నాడు.

"అంత చిన్నగా రాసినావేంది పాపా," అన్నాడు. "కొంచెం పెద్దగా రాయి."

షైనీ ఆ పేరు కొట్టేసి, గడి దాటిపోయేంత పెద్దగా మళ్లీ రాసింది.